కూర్చోమన్న మ్యాచ్

పొట్టిదాన్ని కాబట్టే దూరం నుంచి వేయడం నేర్చుకున్నాను. ఈ మాట చెప్పినప్పుడు కొందరు జాలిగా చూస్తారు, ఏదో లోటు కప్పిపుచ్చుకుంటున్నానన్నట్టు. జాలి పడాల్సింది అందులో ఏమీ లేదు.

అమలాపురంలో డిగ్రీలో చేరిన మొదటి వారంలోనే, కాలేజీ వెనక సిమెంటు కోర్టులో అమ్మాయిలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటే వెళ్లి నన్నూ చేర్చుకోమని అడిగాను. హైస్కూల్లో కాస్త ఆడాను. బంతి చేతిలో ఆగుతుంది, అంతవరకే. రింగు కిందికి దూసుకెళ్లి బంతి ఎత్తిన ప్రతిసారీ నాకంటే మూరెడు పొడవున్న ఒకమ్మాయి దాన్ని అరచేత్తో కొట్టి అవతల పారేసింది. రాజోలు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. దోమని కొట్టినట్టు కొట్టేది. రెండు మూడుసార్లు అలా అయ్యాక నేను బంతి పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, నా మీదికి రావడానికి ఆ పిల్లకి బద్ధకం వేసేంత దూరంలో ఆగి, అక్కణ్నుంచి వేశాను. బంతి బోర్డుకైనా తగలకుండా ప్రహరీ దాటిపోయింది. అందరూ నవ్వారు. గోడవతలికి వెళ్లి బంతి తెచ్చుకుని మళ్లీ అక్కడే నిలబడ్డాను.

"నీకు గోడ దూకడం సరదానా?" అంది రాజోలు పిల్ల. ఆ తర్వాత మూడేళ్లూ మేమిద్దరం ఒకరిని వదిలి ఒకరం ఉన్నది తక్కువ.

మా పీడీ గారు, అంటే కాలేజీలో ఆటలు చూసే ఫిజికల్ డైరెక్టరు, మంచి మనిషి. ఆ సంగతి ముందే చెప్పేయాలి, ఎందుకంటే ఆయనతో నేను పడ్డ గొడవలే ఇక్కడ ఎక్కువగా రాయబోతున్నాను. ఎండలో మమ్మల్ని నిలబెట్టి తను నీడలో కూర్చునే రకం కాదు. కానీ ఆయన బుర్రలో ఆట ఒక్క తీరుగానే ఉండేది. పొడుగువాళ్లు రింగు కింద ఉండాలి, పొట్టివాళ్లు బంతి తెచ్చి వాళ్ల చేతికివ్వాలి.

"చూడమ్మా, నీకు చురుకుంది. బంతి పట్టుకుని పరిగెత్తు, లోపలున్నవాళ్లకి అందించు. వెయ్యడం వాళ్లు చూసుకుంటారు" అన్నారు.

"దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు కదండి?"

"పడితే మూడమ్మా."

"పడేదాకా వేస్తానండి."

ఆయన తల అడ్డంగా ఊపి విజిల్ నోట్లో పెట్టుకున్నారు.

బాస్కెట్‌బాల్ చూడనివాళ్ల కోసం ఒక్క ముక్క. రింగుకి దూరంగా, చుట్టూ విల్లులా వంగిన గీత ఒకటుంటుంది. దాని లోపలి నుంచి వేస్తే రెండు పాయింట్లు, బయటి నుంచి వేస్తే మూడు. మా కోర్టులో ఆ గీతే లేదు. ఒకప్పుడు ఉండేదేమో, ఎన్నో వానలకి చెరిగిపోయింది. మళ్లీ వేయించమని అడిగితే, "అంత దూరం నుంచి వేసేవాళ్లు మనకెవరున్నారమ్మా?" అన్నారు పీడీ గారు. గీత లేదు కాబట్టి వేసేవాళ్లు లేరు, వేసేవాళ్లు లేరు కాబట్టి గీత లేదు. దీనికి అంతు ఎక్కడో నాకు అర్థం కాలేదు. ఒక ఆదివారం నేనూ రాజోలు పిల్లా ఒక నూతి తాడు పట్టుకెళ్లాం. ఫోన్లో కొలత చూసుకుని, తను రింగు కింద ఒక కొస పట్టుకుని నిలబడితే నేను రెండో కొస పట్టుకుని వెనక్కి నడుస్తూ సున్నంతో గీశాను. వంకర పోయింది. వాన పడితే అదీ పోయింది. మళ్లీ గీశాం. అబ్బాయిలు దాని మీద బళ్లు పెడితే తీయించి మళ్లీ గీశాం. ఆఖరికి ఒక సోమవారం పొద్దున్న వెళ్లేసరికి పసుపు పెయింటుతో, ఎక్కడా వంకర లేకుండా గీత వేసి ఉంది. ఎవరు వేయించారో పీడీ గారు చెప్పలేదు. ఆయన బూటు మీద పసుపు మరక మాత్రం చాన్నాళ్లు ఉంది.

మా ఊరు ఉప్పలగుప్తం అవతల, సముద్రానికి దగ్గర. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కువైట్‌లో ఒకరింట్లో పని చేసేది. నేను పిన్ని దగ్గర పెరిగాను. పిన్ని అరుగు మీద మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మొదటి బస్సు పట్టుకుంటే క్లాసులు మొదలయ్యే లోపల కోర్టులో చాలాసేపు ఉండొచ్చు. రొయ్యల చెరువుల్లో నీళ్లని చిలికే ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వింటూ బస్సెక్కి, ఇంకా తలుపులు తీయని కాలేజీ దగ్గర దిగేదాన్ని. సముద్రం వైపు గాలి నేను వేసిన బంతిని కాస్త పక్కకి నెట్టేది. కొన్నాళ్లు గాలిని తిట్టుకున్నాను. తర్వాత ఆ గాలిని కూడా కలుపుకుని వేయడం అలవాటైంది.

దూరం నుంచి వేసే బంతికి బలం చేతుల్లోంచి రాదు, మోకాళ్లలోంచి వస్తుంది. కిందికి వంగి, లేస్తూ లేస్తూ ఉన్నప్పుడే చెయ్యి వదిలెయ్యాలి. ఆ సంగతి పట్టుబడడానికి నాకు ఏడాది పట్టింది. గొడవ కూడా ఆ మోకాళ్ల దగ్గరే వచ్చింది. మ్యాచులకి నిక్కరు వేసుకోవాలి. మా వీధిలో ఒకావిడ అమలాపురంలో నన్ను చూసింది. ఆవిడ చెల్లెలు కువైట్‌లో అమ్మకి తెలిసినామే. సాయంత్రానికల్లా అమ్మ ఫోన్ చేసింది.

"మోకాళ్లు కనపడేలా గంతులేస్తున్నావంట?"

"మోకాలు వంచకుండా గెంతడం ఎలాగో ఆవిణ్నొచ్చి చూపించమను. నేర్చుకుంటాను."

"నోరు ముయ్యి. చదువుకోమని చేర్పిస్తే ఈ ఆటలేంటే?"

"చదువుతున్నాను కదా. మార్కులు పంపించేను, చూళ్లేదా?"

"చూసేన్లే. పిన్నికియ్యి ఫోను."

పిన్ని ఫోను తీసుకుని అవతలి మాటలన్నీ విని, పెట్టేశాక నా నిక్కరు అంచు తిప్పి చూసింది. "కింద బెత్తెడు గుడ్డ వేస్తే మోకాలు మూసుకుంటుంది, వెయ్యనా?" అంది.

"వద్దు పిన్నీ. కాలికి అడ్డం పడుతుంది."

"అయితే మీ అమ్మకి నువ్వే చెప్పుకో. నన్ను మధ్యలో పెట్టకండి తల్లీకూతుళ్లు" అని నిక్కరు నా ఒళ్లోకి విసిరేసింది. నేనే చెప్పుకున్నాను. అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారమంతా ఆ నిక్కరుతోనే ఆడాను.

మేము చేరిన ఏడాదే యూనివర్సిటీ వాళ్లు కాలేజీల మధ్య మ్యాచులకి కొత్త పద్ధతి పెట్టారు. అంతకుముందు ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారన్నది ఒక్కటే రాసేవారు. ఇప్పుడు స్కోరరు పక్కన ఒకాయన ల్యాప్‌టాప్ పెట్టుకుని, పడినవాటితో పాటు పడనివాటిని కూడా ఎక్కించేవాడు. మూడేళ్లు ఆడినవాళ్లలో, దూరం నుంచి వేసిన బంతులు నూటికి ఎవరికి ఎక్కువ పడ్డాయో చూసి, ఆఖరి ఏడాది వాళ్లకి ఒక షీల్డు ఇస్తామన్నారు.

ఈ లెక్క ఎంత నిర్దయగా ఉంటుందో వేసేవాళ్లకే తెలుస్తుంది. పదికి నాలుగు పడితే చాలా గొప్ప అంటారు. అంటే గొప్పదాన్ని అనిపించుకోవాలంటే ఆరుసార్లు అందరి ముందూ తప్పాలి. అసలు వెయ్యనివాళ్లకి ఏ లెక్కా ఉండదు, ఏ మాటా పడరు. మొదటి ఏడాది నా లెక్క చెప్పుకునేలా లేదు. ఒక మ్యాచ్‌లో వేసినవన్నీ పోయాయి. పీడీ గారు బయటికి పిలిచి కూర్చోబెట్టి, చాలాసేపటికి మళ్లీ పంపిస్తూ, "ఇంక వెయ్యకమ్మా" అన్నారు. లోపలికెళ్లి వేశాను. అదీ పోయింది. ఆ తర్వాతది పడింది. ఆ పడినదాని గురించి ఆయన ఏమీ అనలేదు, పోయినదాని గురించి బస్సులో వచ్చినంతసేపూ అన్నారు.

రెండో ఏడాదికి బంతి వేలు వదలగానే పడుతుందో పోతుందో నాకు తెలిసిపోయేది. మూడో ఏడాది సగం అయ్యేసరికి నా లెక్క పదికి నాలుగు దాటి కాస్త పైకి పోయింది. పీడీ గారు "వెయ్యకు" అనడం మానేశారు. యూనివర్సిటీ మొత్తంలో నాకంటే ముందు ఎవరూ లేరని రాజోలు పిల్లే కనుక్కుని వచ్చి చెప్పింది. నా వెనకాలే, చాలా దగ్గరలో, కాకినాడ కాలేజీ అమ్మాయి ఒకతె ఉంది.

ఆఖరి పోటీలు ఆ కాకినాడలోనే జరిగాయి. మా జట్టు మొదటి మ్యాచ్ గెలిచి, తర్వాతి రెండూ ఓడిపోయింది. సెమీఫైనల్ ఆశ పోయింది. ఇంక మిగిలింది ఆ కాకినాడ కాలేజీతో ఒక్క మ్యాచ్. వాళ్లూ అప్పటికే పోయారు. ఎవరు గెలిచినా ఎవరికీ ఏమీ ఒరగదు.

ముందురోజు మధ్యాహ్నం భోజనాలు అయ్యాక పీడీ గారు నన్ను మేము దిగిన హాస్టల్ వరండాలోకి పిలిచారు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం సంతోషంగా ఉంది.

"రేపు నువ్వు ఆడక్కర్లేదమ్మా" అన్నారు.

"ఎందుకండీ?"

"లెక్కలన్నీ చూసేను. నువ్వు ఇంక ఒక్క బంతి కూడా వెయ్యకపోతే షీల్డు నీదే. ఆ పిల్ల రేపు ఎంత బాగా వేసినా నిన్ను అందుకోవడం కష్టం. నువ్వు ఆడి నాలుగు తప్పేవనుకో, చేజారిపోద్ది. చీలమండ నొప్పని చెప్పేస్తాను. నువ్వు బెంచీ మీద కూర్చో చాలు."

"నాకు నొప్పి లేదండి."

"లేదని నాకు తెలీదా?"

ఆయన స్వార్థమేమీ లేదు, అది చెప్పాలి. నేను డిగ్రీ అయ్యాక బీపీఈడీ చదివి ఆటల టీచర్ని కావాలనుకుంటున్నానని ఆయనకి తెలుసు. ఆ సీటుకి ఇలాంటి సర్టిఫికెట్ ఎంత పనికొస్తుందో నాకు నచ్చజెప్పారు. కాలేజీకి ఇంతవరకూ ఒక్కరి పేరు మీద ఒక్క షీల్డు రాలేదన్నారు. "మూడేళ్ల కష్టం అమ్మా. ఒక్క పూట కూర్చోలేవా?" అన్నారు.

ఆ చివరి మాటకి నాకు ఒళ్లు మండింది. ఇంతకుముందు నన్ను వెయ్యొద్దన్నది తప్పుతానని. ఇప్పుడు పడుతున్నాయి కాబట్టి వెయ్యొద్దంటున్నారు. తప్పినా కూర్చోవాలి, పడినా కూర్చోవాలి. ఇక నేను ఆడేది ఎప్పుడు?

"మీరు కూర్చోబెడితే కూర్చుంటానండి. మీ ఇష్టం అది. నొప్పని మటుకు నేను చెప్పను. ఎవరైనా అడిగితే, బాగానే ఉన్నాను, మా సార్ కూర్చోబెట్టేరని చెప్తాను."

"బెదిరిస్తున్నావా నన్ను?"

"లేదండి. ముందే చెప్తున్నాను."

ఆయన కాసేపు వరండా చివరికి వెళ్లి, తిరిగొచ్చారు. "ఎల్లుండి ఏడుస్తూ నా దగ్గరికి రాకు" అన్నారు.

"ఆయ్. రానండి."

రాజోలు పిల్ల నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. గదిలోకి వెళ్లి చెప్తే మంచం మీంచి లేచి కూర్చుంది. "ఒసేయ్ పిచ్చిదానా, ఉత్త మ్యాచ్ కోసం చేతిలోకొచ్చింది పాడుచేసుకుంటావా? వెళ్లి సార్ కాళ్లు పట్టుకో" అంది.

"నేను బయట లేకపోతే నీ మీదికి ముగ్గురొస్తారు. రింగు కింద నలిగిపోతావు."

"నలిగితే నలుగుతాను. ఎల్లుండి నుంచి నేను బ్యాంకు కోచింగు, నువ్వు నీ సీటు. ఈ మ్యాచ్ ఎవడిక్కావాలి?"

"నాకు కావాలి" అన్నాను. తను దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకుంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసినప్పుడు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. అమ్మ అంతా విని, చాలా నెమ్మదిగా అంది. "కూర్చోమన్నారా? కూర్చోవే. అంత మంచిమాట ఎవరంటారు? ఇక్కడ నన్ను ఒక్కళ్లైనా కూర్చోమంటే లేచేదాన్నా నేను?"

  అయినా మర్నాడు పొద్దున్న బూట్లు కట్టుకున్నాను.

కోర్టు దగ్గర పీడీ గారు ఆడేవాళ్ల పేర్లు ఇస్తున్నారు. నా పేరు ఉందో లేదో ఆయన పెదాల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆఖరున చెప్పారు. నా వైపు చూడకుండా చెప్పారు.

కాకినాడ అమ్మాయి నాకంటే కొంచెం పొడుగు. జుట్టు బిగించి ముడేసుకుంది. చేతులు చాలా శుభ్రంగా లేస్తాయి, బంతి అట్టే తిరగకుండా పోతుంది. ఆట మొదలైన కాసేపటికే రెండు వేసింది, రెండూ పడ్డాయి. నేను మొదటిది వేశాను. రింగు అంచుకి తగిలి బయటికి వచ్చింది. రెండోది రింగు దాకా వెళ్లలేదు. మూడోది చేయి వదలగానే పోయిందని తెలిసింది. మా బెంచీ మీద జూనియర్లు తలలు దించుకున్నారు. ల్యాప్‌టాప్ దగ్గరున్నాయన వేలు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. అటు చూడకూడదనుకుంటే ఇంకా కనిపించేది. నాలుగోది పడింది. ఐదోది మళ్లీ పోయింది.

సగం ఆట అయ్యేసరికి మేము వెనకబడి ఉన్నాం. నీళ్లు తాగుతుంటే పీడీ గారు పక్కకొచ్చి నిలబడ్డారు.

"చాలా? ఇంకా వెయ్యాలా?" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా.

"ఇంకా సగం ఉంది కదండి."

ఆయన నా చేతిలో సీసా తీసుకుని తనూ ఓ గుక్క తాగి వెళ్లిపోయారు.

రెండో సగంలో ఒక చిత్రం జరిగింది. నావి పోతున్నా సరే, కాకినాడ వాళ్ల సార్ నన్ను వదల్లేదు. యూనివర్సిటీలో అందరికంటే బాగా వేసే పిల్లని ఆయనకి ఎవరో చెప్పే ఉంటారు. నేను గీత బయట బంతి పట్టుకుంటే చాలు, ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చేది, వెనక ఇంకొకతె సాయానికి వచ్చేది. అప్పుడు రింగు కింద రాజోలు పిల్ల ఒక్కతే మిగిలేది. తనకి బంతి అందిందంటే ఆపేవాళ్లు లేరు. పొద్దుటి దాకా నాతో మాట్లాడని మనిషి, వేసిన ప్రతిసారీ వెనక్కి పరిగెడుతూ నా వీపు మీద ఒక్కటి చరిచి వెళ్లేది. గట్టిగానే చరిచేది. నావీ ఒకటీ అరా పడ్డాయి, ఎక్కువ పోయాయి. మెల్లమెల్లగా మేము దగ్గరికొచ్చాం.

ఆట అయిపోవడానికి ఇంక కొద్ది సెకన్లు ఉండగా ఒక్క పాయింటు వెనకున్నాం. బంతి నా చేతికొచ్చింది. నా ముందు ఒకమ్మాయి రెండు చేతులూ ఎత్తి నిలబడింది. వంగాను, లేచాను, వదిలాను. మంచి బంతి. ఇప్పటికీ అది మంచి బంతే అంటాను. రింగు వెనకంచుకి తగిలి పైకి లేచింది. ఆ లేచిన బంతి కిందికి వచ్చేలోపు రాజోలు పిల్ల అక్కడుంది. అందరికంటే పైన అందుకుని, అలాగే గాల్లోనే తిరిగి లోపల పడేసింది. విజిల్ మోగింది. ఒక్క పాయింటుతో గెలిచాం.

ఏమీ ఒరగని మ్యాచ్ గెలిచినందుకు మేము చేసిన గోల చూసి సెమీఫైనల్ ఆడబోయే జట్లు విస్తుపోయాయి. జూనియర్లు రాజోలు పిల్లని ఎత్తబోయి, ఆ పొడుగుకి ఎత్తలేక వదిలేశారు.

సాయంత్రం బహుమతులు ఇచ్చేటప్పుడు షీల్డు కాకినాడ అమ్మాయి తీసుకుంది. తేడా ఎంత తక్కువో రాజోలు పిల్ల ల్యాప్‌టాప్ ఆయన దగ్గరికి పోయి కనుక్కుంది. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని బూటు తాళ్లు విప్పుకుంది. తర్వాత చెప్పింది. నేను ఆ ఆఖరి బంతి వేయకుండా ఉంటే, వెంట్రుకవాసిలో నేనే ముందుండేదాన్నట.

"నువ్వు వెయ్యకపోతే నాకు దొరికేది కాదు కదే" అంది తనే. ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. రాలేదని గొప్పగా చెప్పడం లేదు, ఇంటికెళ్లాక వచ్చింది. అక్కడ మాత్రం వేళ్లు నొప్పిగా ఉన్నాయి, కడుపు ఖాళీగా ఉంది, మనసు తేలిగ్గా ఉంది.

కాకినాడ అమ్మాయి షీల్డు చంకలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చింది. "మీరు ఆడరని విన్నానండి. లెక్క కోసం కూర్చుంటారని మా సార్ కూడా అన్నారు" అంది.

"ఆడేను కదండి."

"ఆయ్, చూసేను." షీల్డు ఇంకో చంకలోకి మార్చుకుని, "నేనైతే కూర్చునేదాన్నండి" అంది. దాచకుండా అన్న ఆ మాట నాకు నచ్చింది. చేయి కలిపాను. షీల్డు ఒకసారి పట్టుకుని చూడమని ఇవ్వబోయింది. వద్దన్నాను.

తిరుగు ప్రయాణంలో పీడీ గారు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని యానాం దాటేదాకా లేవలేదు. ఎదుర్లంక వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు లేచి కమ్మీలు పట్టుకుంటూ నా సీటు దగ్గరికి వచ్చారు.

"ఆ చివరిది ఎందుకు వేసేవమ్మా? ఎదురుగా చెయ్యి ఉంది కదా."

"గెలవాలని వేసేనండి."

"లెక్క గుర్తులేదా?"

"లేదండి. అప్పుడు గుర్తులేదు."

ఆయన కిటికీ బయట గోదావరి వైపు చూశారు. "గుర్తుంటే?"

ఆలోచించి చెప్పాను. "గుర్తున్నా వేసేదాన్నండి."

"తెలుసు" అని వెళ్లి కూర్చున్నారు.

ఆ ఏడాది నాకు బీపీఈడీ సీటు రాలేదు. కొద్దిలో పోయింది. సర్టిఫికెట్ ఉంటే వచ్చేదని అందరూ అన్నారు, అది నిజమే కావచ్చు. ఏడాదంతా పిన్ని అరుగు మీద కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టాను. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ నా సంగతి తెలుసు. "ఆ రోజు ఊరుకుని ఉంటే ఈపాటికి కాలేజీలో ఉండేదానివి కదమ్మా" అనేవారు. "ఆయ్, ఉండేదాన్నండి. జాకెట్టు చేతులు ఎంత పొడుగు పెట్టమంటారు?" అనేదాన్ని. కొందరు నవ్వేవారు, కొందరు పిన్నికి ఫిర్యాదు చేసేవారు. పిన్ని మిషను ఆపేది కాదు.

ఆ వేసవిలో అమ్మ సెలవు మీద వచ్చింది. వచ్చిన మర్నాడే పెద్ద గొడవ అయింది. సీటు పోవడం, వీధిలో మాటలు, కూర్చోమని తను చెప్పడం, అన్నీ వరసగా అంది. నేనూ ఊరుకోలేదు. "నాకు రానిదాన్ని నాదని ఎలా పట్టుకొస్తాను? నొప్పి లేని కాలు పట్టుకుని కుంటనా?" అన్నాను.

"ఇంత మొండితనం ఎవరిదే నీకు?" అంది అమ్మ.

పిన్ని పంటితో దారం తెంపుతూ, "ఎవరిదో తెలీనట్టే అడుగుతావేంటక్కా" అంది. "పెళ్లైన రెండేళ్లకి ఆయన పోతే, పుట్టింటికి వచ్చెయ్యమని నాన్న ఎంత బతిమాలేరు? వచ్చేవా? పాస్‌పోర్టు చేయించుకుని పోయేవు."

 సాయంత్రం అమ్మ చేపల పులుసు వండి, నాకు తల ముక్క వేసింది. అది మా ఇంట్లో రాజీ అన్నమాట. మళ్లీ వెళ్లిపోయే ముందు, "ఈసారి పరీక్షకి సరిగ్గా చదువు. ఆ కాగితం ముక్కలూ చెక్కలూ లేకుండా వచ్చేలా చదువు" అని చెప్పింది. చదివాను. పరుగూ దూకడమూ, ఆ పరీక్షలో ఉండే అన్నింటికీ ఏడాదంతా పొద్దున్నే లేచి సిద్ధమయ్యాను. మరుసటి ఏడు సీటు వచ్చింది, ఏ షీల్డూ లేకుండానే.

ఇప్పుడు కొత్తపేట దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచర్ని. రాజోలు పిల్ల బ్యాంకులో చేరి వేరే జిల్లాలో ఉంది. నెలకోసారి ఫోన్ చేసి, ఇంకా వేస్తున్నావా అని అడుగుతుంది. వేస్తూనే ఉన్నాను. నా లెక్క ఇప్పుడెంతో నాకు తెలియదు, ఎవరూ ఎక్కించడం లేదు.

మొన్న చలికాలంలో అమలాపురంలో ఆడవాళ్లకి ఓపెన్ పోటీలు పెట్టారు. ఉద్యోగాలు చేసేవాళ్లూ, పిల్లల తల్లులూ, ఎవరైనా ఆడొచ్చు. నేను పేరిచ్చానని తెలిసి మా హెడ్‌మాస్టరు గారు పిలిచారు. "మన పిల్లలు చూడ్డానికొస్తారట టీచర్ గారూ. ఆడి చాలా ఏళ్లయింది కదా మీరు. వాళ్ల ముందు తప్పితే బాగుంటుందా? రేపు మీ మాట వినాలి కదా వాళ్లు" అన్నారు. మంచికే అన్నారు, అందులో అనుమానం లేదు.

"తప్పుతానండి. పదికి ఆరు ఎలాగూ పోతాయి. వాళ్లు అది కూడా చూడాలండి" అన్నాను.

ఆ ఆదివారం మా స్కూలు పిల్లలు ఒక వ్యాను నిండా వచ్చారు. నేను వేసిన మొదటిది పోయింది. రెండోదీ పోయింది. కోర్టు పక్కన అరుపులు ఆగిపోయాయి. మూడోది వేయడానికి బంతి అడిగాను.